లండన్‌లో కొన్నది ఇల్లా, ఏళ్ళా?

కౌలు గడువు తీరితే రైతు గట్టు దిగి రావలసిందే. ఈ సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. కాని రొక్కమిచ్చి కొన్న ఇంటికి కూడా గడువు ఉంటుందంటే నమ్మేవారు తక్కువ. ఇంగ్లండు, వేల్సులలో చాలా ఫ్లాట్ల సంగతి ఇదే.

చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి వెళ్ళిన మన పిల్లలు కొందరు స్థిరపడి ఫ్లాట్లు కొంటున్నారు. చేతిలో సొమ్ము చాలకపోతే ఇక్కడ ఎకరమో, అరెకరమో అమ్మి పంపే తల్లిదండ్రులూ ఉన్నారు. కనుక ఇది మన ఊళ్ళకు పట్టని విషయం కాదు.

అక్కడ ఫ్లాట్లను ఎక్కువగా లీజు పద్ధతిపై అమ్ముతారు. స్థలం యజమాని ఒకరు. ఫ్లాటు కొన్నవాడు దీర్ఘకాలపు కౌలుదారు. గడువు 99 ఏళ్ళు, 125 ఏళ్ళు, కొన్నిచోట్ల 999 ఏళ్ళు. ఫ్లాటు చేతులు మారినంత మాత్రాన గడువు మళ్ళీ మొదలు కాదు. మిగిలిన ఏళ్ళే కొత్తవానికి దక్కుతాయి. పాత లీజులు చాలావాటిలో ఏటా స్థలానికి అద్దె కూడా కట్టాలి. గడువు కరిగేకొద్దీ ధర పడిపోతుంది. మరీ తగ్గితే బ్యాంకులు అప్పుకు వెనుకాడతాయి, కొనేవాడు దొరకడు.

మార్గం లేకపోలేదు. 1993 నాటి చట్టం ప్రకారం అర్హుడైన ఫ్లాటుదారు నోటీసు ఇస్తే, మిగిలిన గడువుకు మరో 90 ఏళ్ళు కలపవలసిందే. స్థలం అద్దె ‘ఒక మిరియపు గింజ’కు దిగుతుంది. అంటే ఏమీ లేనట్టే. ఇందుకు యజమానికి సొమ్ము చెల్లించాలి. ఎంతన్నది తెగకపోతే ట్రిబ్యునల్ తేలుస్తుంది.

అసలు చిక్కు 80 ఏళ్ళ దగ్గర ఉంది. ఆ చట్టం లెక్కలో, మిగిలిన గడువు 80 ఏళ్ళకు తగ్గితే, పొడిగింపు వల్ల కలిసివచ్చే అదనపు విలువలో సగం యజమానికి ఇవ్వాలి. ఉదాహరణకు 1982లో 125 ఏళ్ళకు ఇచ్చిన లీజు 2027లో ఈ హద్దుకు వస్తుంది. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ సగం మీద పడుతుంది.

ఇది న్యాయం కాదు. తమకు తిరిగి రావలసిన ఆస్తిని వదులుకుంటున్నామని యజమానులు అంటారు. నిజమే, దానికి పరిహారం ఆ లెక్కలోనే వేరుగా ఉంది. దానిపై మళ్ళీ సగం దేనికి? 2024లో అక్కడి పార్లమెంటు ఈ సగం వాటాను తీసివేయాలని, పొడిగింపు 990 ఏళ్ళకు ఉండాలని చట్టం చేసింది. కాని చట్టం అయిన నాడే అవి అమలులోకి రాలేదు. అందుకు వేరే ఉత్తర్వులు కావాలన్నారు. ఫ్లాటు కొన్న రెండేళ్ళ దాకా పొడిగింపు కోరరాదన్న నిబంధన మాత్రం 2025 జనవరి 31న పోయింది. చట్టం చేసి అమలును వాయిదా వేస్తే లాభం ఎవరికి? ఆగిన ప్రతి ఏడూ యజమానికే కలిసివస్తుంది.

పెద్దలు చేయవలసింది ఒక్కటే. సొమ్ము పంపేముందు ‘గడువు ఇంకా ఎన్నేళ్ళుంది?’ అని అడగండి. స్థలం అద్దె ఎంత, అది పెరుగుతూ పోతుందా అన్నదీ అడగండి. ఇప్పటికే కొన్నవారుంటే, 80కి దగ్గరపడకముందే అక్కడి వకీలును, విలువ కట్టేవారిని కలవమని చెప్పండి. యజమాని చట్టం బయట బేరానికి వస్తే తొందరపడి సంతకం చేయవద్దనండి. అటువంటి ఒప్పందంలో పాత గడువు తీరేదాకా పాత అద్దె అలాగే ఉండిపోవచ్చు.

ఇక్కడ పొలం కొనేటప్పుడు అడంగలు, పహాణీ చూడనిదే బయానా ఇవ్వం. ఆ పొలం అమ్మిన సొమ్ము సముద్రం దాటేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త ఎందుకు వదలాలి?