బస్‌బార్ చదునుగా ఎందుకుంటుంది?

బీటెక్ అయ్యాక నేను వెళ్లిన తొలి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. నోరు పెగల్లేదు. నంద్యాలలో చదివిన నాలుగేళ్లూ సింగిల్ లైన్ డయాగ్రమ్‌లో బస్‌బార్‌ని లావుపాటి గీతగా గీసి మార్కులు తెచ్చుకున్నానే తప్ప, అసలు వస్తువుని చూసిందే లేదు.

జవాబు మా ఆళ్లగడ్డలో దొరికింది. ప్యానెల్ బోర్డులు బిగించే ఓ అన్న రాగి పట్టీ చేతిలో పెట్టి, ‘వేడి బయటికి పోవాల కదప్పా’ అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేశా. 50 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న పట్టీ చుట్టుకొలత 120 మి.మీ. అంతే రాగితో గుండ్రటి కడ్డీ చేస్తే చుట్టుకొలత 79 మి.మీ. మాత్రమే. అంటే పట్టీకి గాలి తగిలే ఉపరితలం ఒకటిన్నర రెట్లు. పైగా ఏసీ కరెంటు లోహం పైపొరల్లోనే ఎక్కువగా ప్రవహిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ దాదాపు 9 మి.మీ. కడ్డీ లావయ్యే కొద్దీ మధ్యలోని రాగి దండగే.

అన్న చెప్పిన ఇంకో మాట: పట్టీ కాదు, జాయింటే కాలుతుంది. బోల్టు వదులై అక్కడ 0.0001 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 1000 ఆంపియర్లు పారితే 100 వాట్ల వేడి పుడుతుంది. వేడికి జాయింట్ ఇంకా పాడవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. చివరికి మంటలే. అందుకే టార్క్ రెంచ్‌తో సరైన బిగువు చూస్తారు.

‘సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేవాళ్లకు ఇదెందుకు?’ అంటారా? డేటా సెంటర్లలో, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో ఉన్నదీ ఇవే పట్టీలు. మన పక్కనే గని–శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, శ్రీశైలంలో 770 మెగావాట్ల కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అక్కడి ప్యానెళ్లలోనూ ఇవి కనిపిస్తాయి. మనం మాత్రం వాటిని చూడకుండానే పట్టా పుచ్చుకుంటున్నాం.

తప్పంతా విద్యార్థులదే అనను. కాలేజీలు సెమిస్టర్‌కి ఒక్కరోజైనా ప్యానెల్ వర్క్‌షాపుకి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఆగకండి. ఈ వారమే మీ ఊరి ఎలక్ట్రీషియన్‌ని అడగండి. సరఫరా ఆపాక, ఆయన పక్కనుండగానే ప్యానెల్ లోపలికి చూడండి. పట్టీ కొలతలు రాసుకోండి, ఎన్ని ఆంపియర్లకు సరిపోతుందో లెక్క కట్టండి. గైడ్‌లో బట్టీ పట్టిన జవాబు మరుసటి ప్రశ్నకే తేలిపోతుంది. చేత్తో పట్టుకుని చూసింది అంత తేలిగ్గా మరిచిపోరు.