ఖురాక్ తెలిసిన ఇల్లు

పాతకాలపు తాలీముల్లో ఉస్తాద్ రెండు సంగతులు చూసేవాడు: కస్రత్, ఖురాక్. ఇప్పుడు కస్రత్ చూడ్డానికి కోచ్ ఉన్నాడు. ఖురాక్ ఇంటివాళ్లే చూసుకోవాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మైదానాల్లో ఫజర్ తర్వాత పరుగెత్తే మన బచ్చేలు ఏం తిని వస్తున్నారు? చాయ్, రెండు బిస్కెట్లు. కళ్లు తిరుగుతున్నాయంటే నజర్ తగిలిందంటాం. లేదంటే వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొంటాం.

పైసలకన్నా ముందు కావాల్సింది ఇల్మ్. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల చెనిక్కాయ పప్పుల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్, ఒక్కో గుడ్డులో 6 గ్రాములు. సంగటి, పితికిపప్పు, దాల్చా మన దస్తర్‌ఖాన్‌కు కొత్తవి కావు.

వేళ కూడా తెలియాలి. ఆటకు రెండు మూడు గంటల ముందు అన్నమో, సంగటో పెట్టాలి. తెల్లారే పరుగైతే అరటిపండు, ఖర్జూరం చాలు. ఆట అయ్యాక గంటలోపు గుడ్డో, పప్పో, పాలో ఉన్న నాష్తా ఇవ్వాలి. తిండితోపాటు చాయ్ తాగితే అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ, మన మదనపల్లె టమాటా అది పట్టేందుకు సాయపడతాయి.

ఇక బేటీల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కలేజీ, బోటీలు బేటాల ప్లేట్లలోకి పోయి, పరుగెత్తే బేటీకి షోర్బా మిగిలితే ఆమెకు తాఖత్ ఎక్కడిది? ఆటకు తగ్గ తిండి లేక నెలసరి ఆగిపోతే ఎముకలూ బలహీనపడతాయి. దాన్ని షరమ్ అని దాచొద్దు, డాక్టర్‌కు చూపించండి.

2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచిన నిజామాబాద్ బేటీ నిఖత్ జరీన్ అబ్బా జమీల్ అహ్మద్ కూడా ఆటగాడే. అందరు అబ్బాలూ ఆటగాళ్లు కానక్కర్లేదు. కోచ్‌ను ఫీజెంత అని అడిగే నోటితోనే "ఈ రోజు ఎంత కష్టపెట్టారు, ఏం తినిపించమంటారు?" అని అడిగితే చాలు. వంట అమ్మీకి, ఆట అబ్బాకు అని పంచేసుకుంటే మధ్యలో బచ్చేలే భూకే ఉండిపోతారు.