పైకప్పు నాలుగు మీటర్లు, పొడిచోటు ఒక్క మీటరు

ముంబై–పుణే ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఖోపోలీ దగ్గర ఇమాజికా థీమ్ పార్కు ఉంది. కొంకణ్ మైదానం ముగిసి పశ్చిమ కనుమలు లేచే చోటు అది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి ఈ కొండల గోడకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిన తేమను అక్కడే కుమ్మరిస్తుంది. కొండ మీద ఉన్న లోనావాలాలో ఒక్క జూలైలో పడే వాన హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వాన కంటే ఎక్కువ. అయినా ఆ నెలల్లో సెలవులు వస్తే జనం ఇటు వస్తూనే ఉంటారు. టికెట్లు ముందే కొన్నారు, పిల్లలకు మాట ఇచ్చారు, కొండల మీద జలపాతాలు కూడా చూసి రావచ్చు. వాన పడుతుందని తెలిసే వస్తారు.

ఇలాంటి రోజుకు అందరూ చెప్పే సలహాలు కొన్ని ఉన్నాయి. రెయిన్‌కోటు వేసుకోండి, గొడుగు పట్టుకోండి, ఫోనుకు ప్లాస్టిక్ కవరు తొడగండి, ఇంకో జత బట్టలు తెచ్చుకోండి. తప్పేమీ లేదు. కానీ ఇవన్నీ మనిషి ఒంటరిగా ఉన్నాడనుకుని చెప్పే మాటలు. వేలమంది ఒకేచోట ఉన్నప్పుడు తడవకుండా ఉండడం బట్టలకు సంబంధించిన విషయంగా మిగలదు, చోటుకు సంబంధించిన విషయం అవుతుంది. పొడిగా ఉన్న చోటు ఎంత, దానికోసం పోటీపడే మనుషులు ఎందరు అన్నదే అసలు లెక్క. ఆ లెక్క వేయాల్సింది సందర్శకులు కాదు, పార్కు నడిపేవారు.

గొడుగుతోనే మొదలుపెట్టవచ్చు. విప్పితే మీటరు వెడల్పు ఉండే గొడుగు సుమారు 0.8 చదరపు మీటర్ల చోటును కప్పుతుంది. గంటకు 20 మిల్లీమీటర్ల వాన పడుతుంటే దాని మీద గంటకు 16 లీటర్ల నీరు పడుతుంది. గొడుగు ఆ నీటిని మాయం చేయదు, అంచులకు పంపుతుంది. ఎనిమిది ఊచలున్న గొడుగైతే ఒక్కో ఊచ కొస నుంచి గంటకు రెండు లీటర్లు కారుతుంది. క్యూలో అది పడేది పక్కవారి భుజం మీదో, ముందున్న పిల్లవాడి మెడలోనో. పైగా నిలబడిన మనిషికి కావలసిన చోటు గొడుగు ఆక్రమించే చోటులో మూడో వంతు కూడా ఉండదు. క్యూలో గొడుగు ఒకరిని కాపాడి ముగ్గురిని తడుపుతుంది. గొడుగు ఊచల ఎత్తు పక్కవారి కళ్ళ ఎత్తే అన్నది వేరే సంగతి.

అందుకే రెయిన్‌కోటు మేలంటారు. క్యూ వరకు ఇది నిజమే. అయితే రెయిన్‌కోటు బయటి నీటిని ఆపినట్టే లోపలి నీటినీ ఆపుతుంది. తేమ గాలిలో రోజంతా నడిచి, మెట్లెక్కి, పిల్లలను ఎత్తుకుని తిరిగే మనిషికి గంటకు పావు లీటరు చెమట పట్టడం సాధారణం. ప్లాస్టిక్ పొర లోపల ఆ ఆవిరికి దారి లేదు. వాన తగిలి చల్లబడిన పొర లోపలివైపు అది బొట్లుగా మారి బట్టలకు అంటుకుంటుంది. రెండు గంటల తర్వాత రెయిన్‌కోటు విప్పినవారు వాన లోపలికి దూరిందని కంపెనీని తిట్టుకుంటారు. దూరింది వాన కాదు.

దీనికి జవాబుగా గాలాడే రెయిన్‌కోట్లు వచ్చాయి. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా సాగదీసి, నీటి బొట్టు దూరలేని, ఆవిరి మాత్రం దూరగలిగే సూక్ష్మరంధ్రాల పొరను తయారుచేశారు. ఇవి ఖరీదైనవి. చలిదేశాల్లో బాగా పనిచేస్తాయి. మన వర్షాకాలంలో ఎందుకు అంతగా పనిచేయవో చిన్న లెక్క చెబుతుంది. ఆవిరి తనంతట తాను బయటికి పోవాలంటే లోపలి ఆవిరి పీడనం బయటికంటే ఎక్కువ ఉండాలి. చెమటతో తడిసి 35 డిగ్రీల వేడిమిలో ఉన్న చర్మం దగ్గర అది దాదాపు 56 హెక్టోపాస్కల్స్. బయట 10 డిగ్రీల చలిలో, 90 శాతం తేమలో అది 11 మాత్రమే. తేడా 45. అదే కొంకణ్‌లో జూలై రోజున, 27 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే బయటి పీడనం 32. తేడా 24. అంటే ఆవిరిని బయటికి నెట్టే బలం సగానికి పడిపోయింది. కోటు అదే, ధర అదే, పని సగం. పర్వతారోహకుల కోసం తయారైన వస్తువును అదే మాటలతో ముంబై, హైదరాబాద్ దుకాణాల్లో అమ్మడం కొనుగోలుదారును కొంత మోసగించడమే.

ఈ ప్రాంతపు రైతులు దీనికి ఎప్పుడో వేరే దారి కనిపెట్టారు. కొంకణ్‌లో వరినాట్లు వేసేవారు వెదురు చట్రం మీద ఆకులు పరిచి చేసిన ‘ఇర్లే’ను తల మీదుగా వీపు మీదికి వేసుకుంటారు. అది ఒంటికి అంటదు, కింద, ముందు తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది. తెలంగాణ గొర్రెలకాపరుల గొంగడి మరో పద్ధతి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తగలనివ్వదు. రెండూ క్యూలో నిలబడేవారికి పనికిరావన్నది నిజమే. కానీ వదులుగా, కిందివైపు తెరిచి ఉన్న పాంచో ఒంటికి అతుక్కునే జిప్పు కోటు కంటే ఎందుకు సుఖంగా ఉంటుందో అవి చెబుతాయి. పార్కుల గేట్ల దగ్గర అమ్మే పల్చటి పాలిథీన్ పాంచోలు ఈ సూత్రానికి సరిపోతాయి, కాకపోతే సాయంత్రానికి చెత్తకుప్పలో చేరతాయి. 2022 జూలై 1న దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అవి లేవు. కాస్త మందమైనవి అద్దెకిచ్చి, సాయంత్రం తిరిగి తీసుకుని, ఉతికి ఆరబెట్టడం పార్కులకు పెద్ద పని కాదు. నీటి విభాగాల్లో ఈత దుస్తులు అద్దెకిచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉన్నదే.

అసలు చిక్కు వాన పెరిగినప్పుడు మొదలవుతుంది. అప్పటిదాకా ఆవరణంతా చెల్లాచెదురుగా ఉన్న జనం ఒక్కసారిగా కప్పు ఉన్న చోటికి పరుగెడతారు. ఆ కప్పు సాధారణంగా క్యూ మీది రేకుల షెడ్డు. ముప్పై మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, నాలుగు వైపులా తెరిచిన షెడ్డును ఊహించుకోండి. కాగితం మీద 120 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 240 మంది హాయిగా నిలబడవచ్చు.

కానీ వాన నిలువుగా పడదు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. గాలి కూడా అదే వేగంతో, అంటే గంటకు 23 కిలోమీటర్లతో వీస్తే చినుకు 45 డిగ్రీల ఏటవాలుగా వస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇది గాలివాన కాదు, మామూలు గాలే. అప్పుడు మూడు మీటర్ల ఎత్తున్న కప్పు కింద గాలివాటు వైపున మూడు మీటర్ల వెడల్పున జల్లు కొడుతుంది. నాలుగు మీటర్లలో మిగిలే పొడిచోటు ఒక్క మీటరు. ఆ 240 మందీ ఆ మీటరులోకే జరిగితే చదరపు మీటరుకు ఎనిమిది మంది. బయటి నుంచి పరుగెత్తుకొచ్చేవారు ఈ లెక్కలో ఇంకా చేరలేదు. చినుకు చిన్నదైతే ఇంకా మెల్లగా దిగుతుంది, ఇంకా ఏటవాలుగా వస్తుంది.

జనసమూహాల ప్రమాదాలను అధ్యయనం చేసిన అమెరికా ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ చదరపు మీటరుకు ఏడుగురి దగ్గర గుంపు ద్రవంలా ప్రవర్తిస్తుందని వివరించారు. అక్కడ మనిషి తన ఇష్టం మీద కదలడు. ఒక మూల తోపు అలలా రెండో మూలకు పాకుతుంది. చాలామంది ప్రాణాలు పోయేది తొక్కిడి వల్ల కాదు, నిలబడే ఊపిరాడక పోతాయి.

ఇది ఊహ కాదు. 2017 సెప్టెంబరు 29 ఉదయం ముంబైలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెన మీద జరిగింది ఇదే. ఉన్నట్టుండి పెద్ద వాన. రైళ్ళు దిగినవారు తడవకుండా వంతెన కప్పు కింద, మెట్ల మీద ఆగారు. వెనక రైళ్ళు వస్తూనే ఉన్నాయి, జనం ఎక్కుతూనే ఉన్నారు. ఇరుకు మెట్ల మీద 23 మంది చనిపోయారు. వంతెన చాలా ఇరుకైందన్నది నిజం, దానిమీద ఎంతో చర్చ జరిగింది. కానీ అదే వంతెన అదే రద్దీని మిగతా రోజుల్లో మోసింది. ఆ ఉదయం అదనంగా వచ్చింది వాన ఒక్కటే. జనం కదలికను ఆపింది తడుస్తామన్న చిన్న అయిష్టం. బయటికి అడుగు వేయడానికి ఎవరూ ఇష్టపడకపోవడంలో ఏ ఒక్కరి తప్పూ లేదు.

అంత ప్రమాదం థీమ్ పార్కులో జరగాలని లేదు. కానీ జరగడానికి కావలసిన సామగ్రి అంతా అక్కడ ఉంది: ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరిగే క్యూ, తన వంతు పోగొట్టుకోవడం ఇష్టంలేని జనం, పిల్లలు, ఒకటే దారి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనం గుమిగూడే స్థలాల నిర్వహణపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి స్ఫూర్తితో ప్రతి పార్కూ తన షెడ్ల సామర్థ్యాన్ని పొడివేళ లెక్కతో కాక, జల్లు కొట్టే వేళ లెక్కతో బోర్డు మీద రాయాలి. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. నైరుతి గాలి ఎటు నుంచి వస్తుందో పేరులోనే ఉంది. ఆ వైపు కప్పును కిందికి దించితే, లేదా ఓ తడక కడితే, పొడిచోటు మూడింతలు అవుతుంది. పాత పెంకుటిళ్ళ చూరు తల వంచుకుని లోపలికి వెళ్ళేంత కిందికి ఉండేది ఈ జల్లు కోసమే. ఇప్పటి ఆర్కిటెక్టులు ఎత్తయిన కప్పును అందం కోసం గీస్తారు, ఫొటోల్లో బాగుంటుంది కూడా. ఎండకు పనికొస్తుంది. వానకు కాదు.

పరుగెత్తడం మంచిదా, నడవడం మంచిదా అన్న పాత ప్రశ్నకు భౌతికశాస్త్రం దాదాపుగా జవాబిచ్చింది: ఎదురువానలో త్వరగా వెళ్తేనే తక్కువ తడుస్తారు. తడి గ్రానైట్ పలకల మీద ఆ జవాబును పాటించకపోవడమే మంచిది.

ఇక పిడుగు. జూలైలో కనుమల దగ్గర ఆగకుండా కురిసే ముసురులో పిడుగులు తక్కువ. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే వాన వేరు. అది నిలువుగా పెరిగిన క్యుములోనింబస్ మేఘాల వాన, ఉరుములు మెరుపులు దానిలోనే పుడతాయి. ఆ నెలలే తెలుగు రాష్ట్రాల్లో బడి సెలవులు, రావిర్యాల దగ్గరి వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ కిక్కిరిసే రోజులు. దేశంలో పిడుగులకు ఏటా రెండువేలమందికి పైగా బలవుతున్నారు, వారిలో చెట్టు కింద తలదాచుకున్నవారు చాలామంది. తడవకుండా ఉండాలన్న తొందర మనిషిని నేరుగా చెట్టు కిందికి తీసుకెళ్తుంది. తెరిచి ఉన్న రేకుల షెడ్డు కూడా పిడుగు నుంచి రక్షణ కాదు. గోడలు, వైరింగు, పైపులు ఉన్న భవనం, లేదా అద్దాలు మూసిన బస్సు రక్షణ. మెరుపు కనిపించిన 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకూడదు. నీటి కొలనుల్లో అప్పటికే తడిసి ఉన్నవారు, ఇంకా తడవడానికి ఏముందని లేవరు. వారిని లేపాల్సింది ఈలతో, స్పీకరుతో, కచ్చితంగా.

పుణేలోని భారత ఉష్ణప్రాంత వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గరలో పడుతున్న పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచన ఇస్తుంది. రోజు మొత్తంలో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షమంటుంది. కానీ అది రోజంతా పరుచుకుందా, ఒక్క గంటలో పడిందా అన్నది ఆ అంకె చెప్పదు. పార్కుకు కావలసింది ఆ గంట. గేటు దగ్గర ఒక తెర మీద ఈ మూడు గంటల సూచన పెట్టి, ఏ హెచ్చరిక వస్తే ఏ రైడ్లు ఆగుతాయో, అప్పుడు టికెట్ వేరే రోజుకు మారుతుందో లేదో ముందే రాసి ఉంచితే, సగం మంది షెడ్ల కింద ఇరుక్కుని ఎదురుచూడరు. డబ్బు పోతుందన్న భయమే వారిని అక్కడ నిలబెడుతోంది.