మామ్మ చేతిలో సూది



ప్రతి ఏటా నవంబరు 2న, సమాధుల పండుగనాడు, మనమందరం సమాధుల దగ్గరకు వెళ్తాము. సున్నం వేయిస్తాము, దండలు వేస్తాము, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఫాదర్ గారు తీర్థం చల్లి ప్రార్థన చేస్తారు. "ఎంత మంచి మనిషి, ఎంత పనిమంతురాలు" అని పోయినవాళ్లను తలుచుకుంటాము. మా మామ్మ సమాధి దగ్గర మేమూ అలాగే అంటాము. కాని ఆ మాట అన్నప్పుడల్లా మా మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆమె బతికి ఉండగా ఆ పనిని ఆమె చేతుల్లోనుంచి తీసేసింది మేమే.

మామ్మది నరసాపురం దగ్గర ఒక పల్లె. విదేశీ మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతంలో ఇంటింటి పని అయింది. ఏజెంటు నూలు ఇచ్చి వెళ్లేవాడు. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లేవారు. ముక్కకు ఇంత అని కూలి. ఆ కూలి ఎప్పుడూ చాలీచాలనిదే. అయినా మామ్మ ఆ డబ్బుతోనే మా అమ్మను బడికి పంపింది. అదే నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది మామ్మ వేళ్లే. కుడి చూపుడు వేలు పక్కన సూది ఒత్తుకుని కాయ కాసిపోయి ఉండేది.

మామ్మ భక్తిపరురాలు. తెల్లవారి గుడిగంట మోగేసరికి ముసుగు వేసుకుని దివ్యపూజకు బయలుదేరేది. పగలంతా చేతిలో సూది ఉంటే జపమాల తిప్పడం ఎలా? అందుకని అల్లికనే జపమాల చేసుకుంది. ఒక పరలోక జపం చెప్పి మొదలుపెట్టేది. ఒక పువ్వు పూర్తయితే ఒక మంగళవార్త జపం. పది పువ్వులయ్యాక మళ్లీ పరలోక జపం. "ఏజెంటుకు పువ్వుల లెక్క, మరియమ్మ తల్లికి జపాల లెక్క, రెండూ ఒకేసారి తేలిపోతాయే అమ్మాయ్" అని నవ్వేది.

ఒకసారి గుడిలో బలిపీఠం మీద పరిచే వస్త్రానికి అంచు అల్లే పని ఆమెకు అప్పగించారు. నమూనా కాగితంలో ద్రాక్షగుత్తులు, గోధుమ కంకులు ఉన్నాయి. మామ్మ వాటిని చూసి, "మన ఊళ్లో గోధుమ పండించినవాళ్లెవరు?" అని కాగితం పక్కన పెట్టేసింది. పొలం నుంచి ఒక వరి కంకి తెచ్చి ముందు పెట్టుకుని, గింజ గింజా లెక్కపెట్టి, తానే ఒక అల్లిక కనిపెట్టింది. వంగిన వరి కంకి, దాని కింద ఒక ఆకు. ఫాదర్ గారు చూసి ఏమంటారోనని ఇంట్లో అందరికీ భయం. ఆయన చాలాసేపు చూసి, "మన అన్నమే కదమ్మా" అన్నారట. క్రిస్మసుకు ఆమె కట్టే పశువులపాక చూడటానికి పక్క ఊరి పిల్లలు కూడా వచ్చేవారు. గోనెసంచులకు బంకమట్టి పూసి కొండలు చేసేది. పది రోజుల ముందే కొబ్బరి చిప్పల్లో వడ్లు చల్లి, మొలిచిన నారుతో పొలాలు పెట్టేది.

ఎనభైకి దగ్గర పడ్డాక ఆమె అల్లికలో తప్పులు రావడం మొదలైంది. తెల్ల నూలు కనపడటం లేదనేది. "వయసు మీద పడింది, ఇంక చాలించు మామ్మా" అన్నాము. అప్పటికే మేము నర్సు ఉద్యోగంలో ఉన్నాము. రోజూ ఎందరికో కంట్లో చుక్కలు వేసేవాళ్లం. సొంత మామ్మ కళ్లలోకి టార్చి వేసి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. శుక్లం బాగా ముదిరాక చూద్దాం అని ఎవరో అంటే ఊరుకున్నాము. 2004 వర్షాకాలంలో ఒక సాయంత్రం గుడి నుంచి వస్తూ, మసక చీకట్లో గడప కనపడక పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెచ్చాక మా ప్రేమ మొదలైంది. లేవనివ్వలేదు. అన్నం మేమే కలిపి పెట్టాము. గుచ్చుకుంటుందేమోనని సూది, నూలు తీసి బీరువాలో దాచాము. మూడు వారాల్లో మామ్మ మాట తగ్గిపోయింది. రెండు ముద్దలు తిని చాలనేది. నడుము కింద చర్మం ఎర్రబడింది. చివరికి మేము పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చాల్సి వచ్చింది.

అక్కడ ఒక స్టూడెంటు నర్సు, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, ఆమెను అడిగింది: "మామ్మగారూ, మీరు ఇంట్లో ఏం పని చేసేవారు?" మాలో ఎవరమూ ఆ ప్రశ్న అడగలేదు. మర్నాడు ఆ పిల్ల లావు సూది, ముదురు నీలం ఊలు తెచ్చి చేతిలో పెట్టింది. తెల్ల దుప్పటి మీద నీలం కనపడింది. అల్లాలంటే కూర్చోవాలి కదా, మామ్మ దిండు ఆనుకుని కూర్చుంది. కూర్చోవడంతో ఊపిరి బాగా ఆడింది, కఫం తగ్గింది, ఆకలి వేసింది. మందులు, ఫిజియోథెరపీ వాటి పని అవి చేశాయి. కాని వాటికి ఒప్పుకునే మనసు ఆ సూదితోనే వచ్చిందని మా నమ్మకం. తర్వాత రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి శుక్లం ఆపరేషన్ చేయించాము. కర్ర పట్టుకుని గుడికి వెళ్లింది. ఇంకో నాలుగేళ్లు బతికింది.

ఆ నాలుగేళ్లలో కూడా వరి కంకి అల్లిక మాలో ఒక్కరం నేర్చుకోలేదు. ఆమె చివరగా మొదలుపెట్టిన పీఠం వస్త్రం సగంలో ఆగి మా ఇంట్లో ఉంది. పూర్తి చేయడం ఎవరికీ చేతకాదు.

"పెద్దవాళ్లతో పని చేయిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని కొందరంటారు. జీవితమంతా చాకిరీ చేసినవాళ్లకు విశ్రాంతి వద్దా అని ఇంకొందరు అడుగుతారు. న్యాయమైన మాటే. మామ్మ కూడా చాలీచాలని కూలికి ఏళ్ల తరబడి మెడలు విరిగేలా అల్లింది. అది మళ్లీ చేయమని మేము అనడం లేదు. అవసరం కోసం చేసే పని వేరు, ఇష్టంతో చేసే పని వేరు. ఏది కావాలో వాళ్లనే అడగాలి. అడగకుండా తీసేస్తే మంచం ఒక్కటే మిగులుతుంది. పెద్దవయసులో మంచాన పడితే కండలు త్వరగా కరిగిపోతాయి, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. దిగులును కూడా ముసలితనమే అనుకుని వదిలేస్తాము.

అందుచేత ప్రతి కుటుంబానికీ మా మనవి ఇది:

1. అరవై దాటినవారికి ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి. శుక్లం ముదిరేదాకా ఆగనవసరం లేదు. చూపు పనికి అడ్డం వస్తుంటే డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ అయ్యాక చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు.

2. గడప దగ్గర, స్నానాల గదిలో వెలుతురు ఉంచండి. నేల తడి లేకుండా చూడండి.

3. మంచాన ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచే కూర్చోబెట్టండి.

4. చేతికి తెలిసిన పని ఇవ్వండి. పూలు కట్టడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, జపమాల గుచ్చడం, ఏదైనా సరే. నిన్నటి సంగతి మరచిపోయేవారికి కూడా చేతికి అలవాటైన పని చాలాకాలం గుర్తుంటుంది. షుగరుతో వేళ్లు తిమ్మిరెక్కేవారికి మాత్రం సూది, కత్తి ఇవ్వవద్దు.

5. పక్కన కూర్చుని ఆ పని నేర్చుకోండి.

పోప్ ఫ్రాన్సిస్ గారు 2021లో జూలై నెల నాలుగో ఆదివారాన్ని అవ్వాతాతల, వృద్ధుల దినంగా ఏర్పాటు చేశారు. అది యేసు ప్రభువు అమ్మమ్మ తాతయ్యలైన అన్నమ్మ, జ్వాకీము పునీతుల పండుగకు దగ్గరగా వచ్చే ఆదివారం. ఆ రోజున పెద్దలకు శాలువ కప్పి ఫొటో తీస్తే సరిపోదు. "నువ్వు చేసే పని నాకు నేర్పవా?" అని ఒక మనవరాలు అడిగితే అంతకన్నా సన్మానం లేదు.

సమాధుల పండుగనాడు కొవ్వొత్తి తప్పక వెలిగించండి. ఈ సాయంత్రం మాత్రం ఇంట్లో ఉన్న మామ్మ దగ్గర కాసేపు కూర్చోండి. దేవుడు మీ ఇంటి పెద్దలను చల్లగా చూచును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్