పంక్తి మనల్ని ప్రశ్నిస్తోంది

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి హలసూరులో దిగి, చెరువు పక్కనున్న గురుద్వారాకు అతిథులమై వెళతాం. పాదరక్షలు విడిచి, తలపై వస్త్రం కప్పుకుని గురుగ్రంథ సాహిబ్ ఎదుట ప్రణమిల్లుతాం. దోసిలి పట్టి కఢా ప్రసాదం స్వీకరిస్తాం. ఉమ్మడి భోజనశాల అయిన లంగర్‌లో నేలమీద బారులుతీరి కూర్చుని, రోటీ, పప్పు ఆరగిస్తాం. ఎంతటి సమతాధర్మమని పరవశిస్తాం. ఇల్లు చేరగానే మన అంట్లు తోమే తల్లికి వేరే గ్లాసు, వేరే లిఫ్టు చూపిస్తాం! ఇది ఏ సంస్కారం? ఏ విద్య నేర్పిన వివేకం?

ఈ వైరుధ్యానికి మూలం మన దానాహంకారం. అన్నదానానికి చందాలిస్తాం, వడ్డించడానికి ఉత్సాహపడతాం. పక్కన కూర్చోమంటే మాత్రం వెనుకాడతాం. దానంలో మన చేయి పైన ఉంటుంది. పంక్తిలో పైనా కిందా లేవు. అందుకే గురు అమర్‌దాస్ ముందు పంగత్ (పంక్తి భోజనం), ఆ తరువాతే సంగత్ (సత్సంగం) అన్నాడు. అక్బర్ చక్రవర్తి కూడా ఆ పంక్తిలో కూర్చున్నాకే గురుదర్శనం పొందాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ పిలుపునకు తల అర్పించడానికి లేచిన అయిదుగురిలో ఒకడు మన పొరుగు బీదర్‌కు చెందిన క్షురకుడు సాహిబ్ సింగ్. ఆ అయిదుగురికీ దీక్షగా అమృతమిచ్చిన ఆ గురువు, తిరిగి వారి ముందే చేతులు జోడించి వారి చేతి అమృతం పుచ్చుకున్నాడు. ఇచ్చిన చేయే చాచడం! మనలో ఎందరికుంది ఆ వినయం?

ఇది మనకు పరాయి పాఠమా? పన్నెండో శతాబ్దంలోనే పల్నాటి బ్రహ్మనాయుడు సకల కులాలనూ ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టలేదా? ఆ వీరగాథను గర్వంగా చెప్పుకుంటాం, ఆ చాపను మాత్రం చుట్టి అటకెక్కించాం. ఆ పాపంలో భక్తులకూ భాగముంది, హేతువాదులకూ ఉంది. పల్లె విడిచి వచ్చినా పల్లెలోని కులగీతలను వెంట తెచ్చుకున్న మనందరికీ ఉంది.

అతిథి ధర్మం తిని మెచ్చుకోవడంతో తీరదు. గురుద్వారాలో చీపురు పట్టుకుందాం, పాత్రలు కడుగుదాం, వచ్చినవారి చెప్పులు సర్దుదాం. రాబోయే ఉగాదికి మన అపార్ట్‌మెంట్ భోజనాలలో కావలివాడికీ పారిశుద్ధ్య కార్మికురాలికీ మిగిలింది కట్టివ్వడం కాదు, తొలి పంక్తిలో మన పక్కనే ఆకు వేద్దాం. వారు వడ్డిస్తే మనం తిందాం, మనం వడ్డిస్తే వారు తింటారు. ఎనిమిది శతాబ్దాల కిందట పల్నాడులో సాధ్యమైనది, నేటికీ గురుద్వారాలలో సాధ్యమవుతున్నది, మన చేతుల్లో అసాధ్యమనడానికి మనకేం అధికారముంది? సాధ్యమే. సాధించి తీరుదాం!