పాత తొట్టెకు రిబ్బను కాదు, రెండు నెలల గడువు కావాలి

(గ్రామీణ విలేఖరి)

కొల్లేటి ఒడ్డు గ్రామాల్లోని ఒక ఉన్నత పాఠశాలకు, పట్నంలో మూతపడిన ఒక హోటలు వారి పెద్ద చేపల తొట్టె విరాళంగా వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. గాజుది కాదు, అక్రిలిక్‌ది. ఇచ్చిన వారిని అభినందించవలసిందే. అయితే ఆగస్టు 15 నాటికి దానిలో నీళ్లు నింపి, రంగు చేపలు వదిలి, పెద్దల చేత రిబ్బను కత్తిరింపజేయాలని కొందరు ఉబలాటపడుతున్నారు. ఈ తొందర మంచిది కాదు.

బల్లలు చాలని బడికి చేపల తొట్టె ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాని చేపల చెరువుల మధ్య పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు బొచ్చె, శీలావతి, రూప్‌చంద్, వెనామీ రొయ్య తప్ప మరో పేరు తెలియకుండా పోతోంది. తాతలు పంట కాలువలో పట్టిన బొమ్మిడాయిని, చేదు పరిగను, జెల్లను ప్రాణంతో చూసిన పిల్లలు తరగతికి ఎందరుంటారు? ఆ లోటు తీర్చడానికైతే ఈ తొట్టె అక్కరకు వస్తుంది. షోకు కోసమైతే అక్కరలేదు.

ప్రస్తుతం తొట్టె ఉన్న స్థితి ఏమిటి? లోపల సున్నపు చారలు, బయట గీతలు. అక్రిలిక్ గాజు కంటే సగం బరువే ఉంటుంది, దెబ్బకు అంత సులువుగా పగలదు. కాని గోరు తగిలినా గీత పడేంత మెత్తన. దానిని థిన్నరుతోనో, పెట్రోలుతోనో, స్పిరిటుతోనో తుడిస్తే ఎండిన చేలో లాగా నెర్రెలు విచ్చుకుంటాయి. అద్దాలు తుడిచే అమ్మోనియా మందు కూడా కూడదు. సున్నపు చారలకు నీళ్లు కలిపిన వెనిగర్, మెత్తటి గుడ్డ చాలు.

గీతలు పోగొట్టవచ్చు. గాజుకు లేని సౌకర్యం ఇది. కార్లకు రంగులు వేసే షెడ్లలో వాడే వాటర్ పేపరు 600 నంబరుతో మొదలుపెట్టి 800, 1000, 1500, 2000 వరకు, తడుపుతూ రుద్దాలి. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా రుద్దాలి. అప్పుడే ముందు కాగితం గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. మొదట పలక అంతా పొగమంచు పట్టినట్టు అవుతుంది. అక్కడ బెదిరి ఆపేస్తే తొట్టె చెడినట్టే. చివరకు ప్లాస్టిక్ పాలిష్ పెడితే తేటపడుతుంది. గీత ఉన్న చోటనే రుద్దితే అక్కడ గుంట పడి, చేప వంకరగా కనిపిస్తుంది కనుక చుట్టూ వెడల్పుగా రుద్దాలి. ఒక్కో పలకకు ఒక పూట పట్టే పని ఇది. పై తరగతి పిల్లలు మేస్టారి పర్యవేక్షణలో చేయగలరు.

అతుకులు మాత్రం పిల్లల పని కాదు. తొట్టె కారితే బజారులో దొరికే సిలికాన్ పూసి ఊరుకుంటారు. అది అక్రిలిక్‌ను గట్టిగా పట్టదు. అక్షరాల బోర్డులు చేసేవారి వద్ద పలకలను కరిగించి అతికే ద్రావకం ఉంటుంది. వారినే పిలిపించాలి. ఆ వాసన మంచిది కాదు కనుక పని ఆరుబయట జరగాలి. పైన చుట్టూ ఉన్న పట్టీని, చెయ్యి పట్టడం లేదని కోయరాదు. అది పోతే నీటి ఒత్తిడికి పలకలు ఉబ్బుతాయి.

ఇక బరువు సంగతి. తొట్టె నిండితే సుమారు 680 లీటర్లు, అంటే దాదాపు ఏడు క్వింటాళ్లు. 75 కిలోల ధాన్యం బస్తాలు తొమ్మిది పేర్చినట్టు. ఇసుక, రాళ్లు, స్టాండు దీనికి అదనం. మేడమీది గదిలో పెట్టాలన్న ఆలోచన వెంటనే మానుకోవాలి. కింది గదిలోనైనా అంచులు మాత్రమే ఆనే ఇనుప చట్రం అక్రిలిక్‌కు పనికిరాదు. అడుగంతా ఆనేటట్టు మందపాటి ప్లైవుడ్ పరిచి, మేస్త్రీ చేత మట్టం చూపించాలి. ముందు నీడ పట్టున అదే విధంగా నిలిపి, మూడో వంతు, సగం, ఆపైన పూర్తిగా నింపి వారం రోజులు గమనించిన తర్వాతే గదిలోకి తేవాలి.

కరెంటు విషయంలో రాజీ పనికిరాదు. తడి చేతుల పిల్లలు తిరిగే చోటు. ఎర్తు, షాక్ కొడితే వెంటనే ఆగే బ్రేకరు ఉండి తీరాలి. వైరు కిందికి వంగి మళ్లీ పైకి పోయేలా పెడితే నీరు దాని వెంట ప్లగ్గులోకి పోదు.

చేపలు వదలడానికి తొందరెందుకు వద్దో ఆక్వా రైతులకు వేరే చెప్పనక్కరలేదు. చెరువులో అమ్మోనియా పెరిగితే ఏమవుతుందో వారికి తెలుసు. తొట్టెలోనూ అంతే. అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బ్లీచింగ్ కలిసిన కుళాయి నీరు పోస్తే అవీ చస్తాయి, చేపలూ చస్తాయి. హేచరీల్లో వాడే థయోసల్ఫేటు ఏ ఆక్వా మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. మొదట నాలుగైదు పరిగలు వదిలి, అవి నిలిస్తే మరికొన్ని వదలాలి. కొరమేనును చూపాలనుకుంటే వేరుగా పెట్టవలసిందే, లేకుంటే తోటి చేపలను మింగేస్తుంది. పైన మూత లేకపోతే తెల్లవారేసరికి గచ్చు మీద ఉంటుంది.

రంగు చేపలు వద్దనడానికి మరో కారణం ఉంది. దక్షిణ అమెరికా నుంచి ఇలాంటి తొట్టెల కోసం తెచ్చిన సక్కర్ చేపను, విసుగు పుట్టినవారు కాలువల్లో వదిలేశారు. నేడు మన చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప అదే.

ఆగస్టు 15న ఖాళీ తొట్టెనే, పిల్లలు రుద్ది తేటపరచిన పలకలతో, తల్లిదండ్రులకు చూపితే నామోషీ ఏమీ లేదు. నీళ్లు అక్టోబరులో నింపవచ్చు. ఈలోగా పాఠశాల కమిటీ వారు కూర్చుని, కరెంటు బిల్లు ఎవరు కట్టేది, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మేత ఎవరు వేసేది పేర్లతో సహా రాసి గోడకు అంటించాలి.