ల్యాప్‌టాప్ స్లో అయిందా? ఎస్‌ఎస్‌డీ కొనే ముందు గిగాహెర్ట్జ్ చూడండి

దసరాకి కోరుట్ల వెళ్తే మా తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టిండు. "అన్నా, క్రోమ్ ఓపెన్ కావడానికే నిమిషం పడ్తుంది." జగిత్యాలలో ఒక షాపులో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చాలి, ఆరు వేలు అన్నారట. సిరిసిల్లలో ఇంకొకాయన మదర్‌బోర్డే పోయిందన్నాడట.

నేను టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచాను. సీపీయూ వాడకం 100 శాతం, స్పీడ్ మాత్రం 0.39 గిగాహెర్ట్జ్! 4 గిగాహెర్ట్జ్ దాటగల చిప్ అది. టెంపరేచర్ చూస్తే 50 డిగ్రీలు కూడా లేదు. అంటే వేడి వల్ల కాదు. ఛార్జర్ పీకేశాను. స్పీడ్ వెంటనే 3 దాటింది. దొంగ దొరికాడు.

ఒరిజినల్ ఛార్జర్ పాడైతే వాడు డూప్లికేట్ కొన్నాడు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఛార్జర్ తన వాటేజ్ ఎంతో చెప్పాలి. అది తెలియకపోతే ఫర్మ్‌వేర్ 'బీడీ ప్రోచాట్' అనే సిగ్నల్‌తో ప్రాసెసర్‌ని కట్టేస్తుంది. బోర్డు మీద వేరే భాగాలు వేడెక్కినా వచ్చేది ఇదే సిగ్నల్. విండోస్ మళ్లీ వేసినా లాభం లేదు, ఎందుకంటే తప్పు విండోస్‌ది కాదు.

మీకూ ఇలాగే ఉంటే ముందు బ్యాటరీ మీద నడిపి చూడండి. తర్వాత ఫ్రెండ్ దగ్గర ఒరిజినల్ ఛార్జర్ అడిగి పెట్టండి. ఆపై బయోస్ అప్‌డేట్. థ్రాటిల్‌స్టాప్‌లో బీడీ ప్రోచాట్ టిక్ తీసేస్తే స్పీడ్ వస్తుంది కానీ, దాన్ని టెస్ట్‌గానే వాడండి. నిజంగా ఏదైనా భాగం కాలుతుంటే ఆ హెచ్చరికని మనమే నోరు మూయించినట్టు. లైనక్స్ వాడేవాళ్లకి కొన్ని మెషీన్లలో 'బయోస్ లిమిట్' అనే ఫైల్‌లో ఫర్మ్‌వేర్ పెట్టిన గరిష్ఠ స్పీడ్ కనిపిస్తుంది.

స్పీడ్ తగ్గించడం తప్పని నేను అనను. తక్కువ వాటేజ్ ఛార్జర్ మీద ఫుల్ లోడ్ పడితే ప్రమాదమే. నా కోపం చెప్పకుండా తగ్గించడం మీద. కొన్ని మోడళ్లు బూట్ అయ్యేటప్పుడు ఒక మెసేజ్ చూపిస్తాయి. మా వాడి దాంట్లో అదీ లేదు. "ఛార్జర్ గుర్తించలేకపోయాను, అందుకే స్పీడ్ తగ్గించాను" అని స్క్రీన్ మీద ఒక్క లైన్ వేస్తే ఏం పోతుంది? ఆ ఒక్క లైన్ లేకనే మంచి ల్యాప్‌టాప్‌లు పాత సామాను కింద పోతున్నాయి.

మా తమ్ముడి ఆరు వేలు మిగిలాయి, ఒరిజినల్ ఛార్జర్ ఖర్చు పోను. మీరూ జేబులో చెయ్యి పెట్టే ముందు ఆ గిగాహెర్ట్జ్ అంకె ఒకసారి చూడండి.